ముందు ఊపిరి, తర్వాతే ఉపదేశం

పోయిన సంచికలో మత్తుమందుల ఓవర్‌డోస్ గురించి, వాడేవాళ్ల దగ్గరికే వెళ్లి ఆ చావుల్ని ఆపే కమ్యూనిటీ హెల్త్ వర్కర్ల గురించి నాలుగు ముక్కలు రాశాను. ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. సగం మంది పేరు వేయొద్దన్నారు, కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు. తిట్టినవాళ్ల ఉత్తరం కూడా ఒకటి పెట్టాను, ఆ తిట్టులో ఉన్న అనుమానం చాలామందికి ఉన్నదే కాబట్టి. ఇక్కడ ఓవర్‌డోస్ అంటే ముఖ్యంగా ఓపియాయిడ్ల సంగతి: హెరాయిన్, మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, ట్రమడాల్, కోడీన్ జాతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019లో మత్తుమందుల వల్ల పోయినవాళ్లు దాదాపు 6 లక్షల మంది, అందులో 80 శాతం దాకా ఓపియాయిడ్లతో ముడిపడినవే.

మా అబ్బాయి డీ-అడిక్షన్ సెంటర్‌లో ఉండి ఇంటికొచ్చాడు. బాగానే ఉన్నాడు. ఇంట్లో నాలోక్సోన్ (ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కి విరుగుడు మందు) పెట్టుకోమని అక్కడి నర్సు చెప్పింది. అది ఇంట్లో పెడితే, నువ్వు మళ్లీ వాడతావని మాకు తెలుసులే అని వాడి మొహం మీద చెప్పినట్టే కదా అని మా ఆయన గొడవ. ఏం చేయమంటారు? – ఒక తల్లి

పెట్టుకోండమ్మా. ఆలోచించడానికి టైమ్ తీసుకోకండి. మీ ఆయన బాధ అర్థమవుతోంది, కొడుకు మీద నమ్మకం పోగొట్టుకోకూడదని ఆయన తాపత్రయం. కానీ బాగైపోయి ఇంటికొచ్చిన ఈ రోజులే అన్నిటికన్నా ప్రమాదమైనవి, ఆ సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

రోజూ వాడేవాడి ఒళ్లు ఆ మందుకు అలవాటుపడి ఉంటుంది, ఇంకొకడైతే పడిపోయే డోసుకి వాడు మామూలుగా తిరుగుతుంటాడు. కొన్ని వారాలు మానేస్తే ఆ అలవాటు తగ్గిపోతుంది. ఎప్పుడో ఒక చెడ్డ రోజున మనసు లాగి మళ్లీ తీసుకుంటే, మనిషికి పాత డోసే గుర్తుంటుంది, ఒళ్లు మాత్రం మరిచిపోయి ఉంటుంది. ఊపిరి ఆగేది అక్కడే. జైలు నుంచి వచ్చినవాళ్లకీ, చాలా రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చినవాళ్లకీ ఇదే కథ. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ల మీద చేసిన అధ్యయనం ఒకటి 2007లో వచ్చింది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు మిగతా జనంతో పోలిస్తే 129 రెట్లు ఉందని అందులో తేలింది. పన్నెండు రెట్లూ, ఇరవై రెట్లూ కాదు.

అబ్బాయితో దాచిపెట్టి మాట్లాడకండి. "ఇది నీ మీద అనుమానంతో తెచ్చింది కాదురా, నీకేదైనా అయితే మేం చేతులు కట్టుకుని చూస్తూ ఉండలేక తెచ్చాం" అని చెప్పండి, చాలు. అసలు విషయం ఏమిటంటే నాలోక్సోన్ తనకి తాను ఇచ్చుకునే మందు కాదు, ఓవర్‌డోస్ అయినవాడికి స్పృహ ఉండదు. కాబట్టి అది వాడి మందు అనుకోకండి, మీ మందు. ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి, చెల్లెలికి కూడా. బీరువాలో పెట్టి తాళం వేస్తే ఆ కంగారులో తాళం చెవి దొరకదు.

ఇంకో మాట. మత్తుమందు మాన్పించి పంపించేశారా, లేక దానికి బదులు డాక్టరు చూపులో లెక్కగా ఇచ్చే ఓపియాయిడ్ మందులు, అంటే బ్యూప్రెనార్ఫిన్ గానీ మెథడోన్ గానీ, కొనసాగిస్తున్నారా? మీరు రాయలేదు. "ఒక మత్తు పోయి ఇంకో మత్తు పట్టుకుంది" అని చాలా ఇళ్లలో ఈ చికిత్సను మధ్యలో ఆపించేస్తారు. 2017లో చాలా అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, మెథడోన్ చికిత్సలో ఉన్నవాళ్లలో ఏడాదికి వెయ్యికి 11 మంది చనిపోతే, చికిత్స బయట ఉన్నప్పుడు 36 మంది చనిపోయారు. ఆ రెండు మందులూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. ఆపాలా వద్దా అన్నది డాక్టరూ మీ అబ్బాయీ కలిసి తేల్చుకోవాలి. చుట్టాల మాటతో తేలే విషయం కాదది.

మా ఫ్రెండ్ ఒక రాత్రి విపరీతంగా గురకపెట్టాడు. అందరం నవ్వుకుని పడుకున్నాం. తెల్లారి లేవలేదు. మామూలు గురకకీ ఓవర్‌డోస్‌కీ తేడా ఎలా తెలుస్తుంది అక్కా? – పేరు వద్దన్న తమ్ముడు

తమ్ముడూ, ఈ ప్రశ్న అడగడానికి నీకెంత కష్టమయ్యుంటుందో తెలుసు. ఆ గురకను నవ్వులాటగా తీసుకున్నది మీరొక్కరే కాదు, బాగా చదువుకున్నవాళ్ల ఇళ్లలోనూ జరుగుతుంది. ఎవరూ చెప్పకపోతే ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది?

మామూలు గురకకి ఒక లయ ఉంటుంది, లోపలికీ బయటికీ ఛాతీ ఆడుతూ ఉంటుంది, పేరు పెట్టి గట్టిగా పిలిస్తే మనిషి కదులుతాడు, తిడతాడు, పక్కకు తిరుగుతాడు. ఓవర్‌డోస్‌లో వచ్చేది గొంతులో నీళ్లు గులగులమన్నట్టు ఉంటుంది. ఒకసారి వస్తుంది, తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు, మళ్లీ ఒకటి. ఈలోగా నువ్వు నీ ఊపిరి నాలుగైదుసార్లు తీసుకునుంటావు. పెదాలూ గోళ్లూ చూడు. తెల్లటి చర్మమైతే నీలంగా మారతాయి, మన రంగు వాళ్లలో బూడిదరంగుకి తిరుగుతాయి, అందుకే పెదాల లోపలి భాగం చూడటం మంచిది. కనురెప్ప ఎత్తి చూస్తే కంటి పాప సూదిమొన అంత ఉంటుంది. పిడికిలి బిగించి మెటికలతో రొమ్ము మధ్య ఎముక మీద గట్టిగా రుద్దు, మామూలుగా ఎవరికైనా ప్రాణం లేచొచ్చేంత నొప్పి పుడుతుంది. దానికీ పలకకపోతే ఇక చర్చల్లేవు.

అంబులెన్స్‌కి ఫోన్ కొట్టు. ఫోన్లో ముందు చెప్పాల్సింది "మనిషి స్పృహలో లేడు, ఊపిరాడటం లేదు" అని, అడ్రసు. ఏం తీసుకున్నాడన్నది డాక్టర్లు వచ్చాక చెప్పు, కానీ అప్పుడు మాత్రం దాచకు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పక్కన పెట్టుకో, అవతలి వాళ్లు ఏం చేయాలో చెబుతూ ఉంటారు.

నాలోక్సోన్ స్ప్రే ఉంటే మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మెడ కింద చెయ్యి పెట్టి తల వెనక్కి వంచి, స్ప్రే మూతిని ఒక ముక్కు రంధ్రంలో నీ వేళ్లు ముక్కుకి తగిలే దాకా పెట్టి, కింది పిస్టన్‌ని ఒక్కసారిగా పూర్తిగా నొక్కు. పని చేస్తోందో లేదో అని ముందు గాల్లోకి కొట్టి చూడకు, అందులో ఉండేది ఒక్క డోసే. ఇంజెక్షన్ రకమైతే తొడ కండలో లేదా భుజం కండలో, బట్టల మీంచి ఇచ్చినా ఫర్వాలేదు.

ఇచ్చేసి చేతులు దులుపుకుని కూర్చోకు. మందు పనిచేయడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, మెదడుకి ఆక్సిజన్ లేకుండా నాలుగైదు నిమిషాలు గడిస్తే జరగాల్సిన నష్టం మొదలైపోతుంది. ఆ సందులో ఊపిరి నువ్వే ఇవ్వాలి: గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి, ప్రతి ఐదు సెకన్లకి ఒకసారి ఊదు, ఛాతీ లేస్తోందా చూసుకో. నాడి కూడా అందకపోతే ఛాతీ నొక్కుతూ సీపీఆర్ మొదలుపెట్టు. మూడు నిమిషాలకీ మార్పు లేకపోతే రెండో డోసు, ఇంకో ముక్కులో. ఊపిరి వచ్చాక ఎడమవైపుకి తిప్పి, పైకాలు మోకాలి దగ్గర మడిచి, చెయ్యి తల కింద పెట్టి పడుకోబెట్టు. వాంతయినా గొంతుకి అడ్డం పడదు.

నాలోక్సోన్ చేసే పనేంటో తెలిస్తే తర్వాత ఎందుకు కాపలా ఉండాలో అర్థమవుతుంది. మెదడులో ఓపియాయిడ్ కూర్చునే కుర్చీలోంచి దాన్ని లేపేసి నాలోక్సోన్ తను కూర్చుంటుంది, అంతే. ఓపియాయిడ్ రక్తంలోంచి ఎక్కడికీ పోలేదు, గోడ పక్కన నిలబడి ఉంది. అరగంట నుంచి గంటన్నరలోపు నాలోక్సోన్ లేచి వెళ్లిపోతుంది, ఆ ఖాళీ కుర్చీలోకి అది మళ్లీ వచ్చి కూర్చోవచ్చు. అందుకే "లేచాడు కదా, ఇక పడుకోనిద్దాం" అనకూడదు. ఆస్పత్రికి పోవాలి, పోనని మొండికేస్తే కనీసం రెండు గంటలు పక్కనే మేలుకుని ఉండాలి.

ఉప్పునీళ్లు తాగిస్తే, తల మీద చల్లటి నీళ్లు పోస్తే మత్తు దిగుతుందంటారు, నిజమేనా?

కాదు. స్పృహ లేని మనిషి నోట్లో ఏం పోసినా అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చన్నీళ్లు, ఐసు, చెంపదెబ్బలు, నడిపించడం, వాంతి చేయించడం, ఉప్పునీళ్లు ఎక్కించడం... ఇవన్నీ ఆ నాలుగు నిమిషాల్ని తినేసేవే.

నాలోక్సోన్ ఇచ్చి ఒకతన్ని లేపాను. లేచీ లేవగానే నన్ను బూతులు తిట్టి, తోసేసి వెళ్లిపోయాడు. ప్రాణం పోశానన్న కృతజ్ఞత కూడా లేదే అనిపించింది.

నాలోక్సోన్ ఓపియాయిడ్‌ని ఉన్నపళంగా తరిమేస్తుంది కదా, అలవాటుపడ్డ ఒంటికి అది నరకం. ఒళ్లంతా నొప్పులు, వణుకు, చెమటలు, వాంతులు, కడుపులో మెలిపెట్టడం, అన్నీ ఒకేసారి. పైగా ఊపిరి ఆగిందన్న సంగతి వాడికి తెలియదు. వాడి దృష్టిలో హాయిగా పడుకున్నవాణ్ని నువ్వు లేపి జబ్బు చేశావు. అందుకే అనుభవమున్న వర్కర్లు ఊపిరి తిరిగొస్తే చాలని చూస్తారు, మనిషి లేచి కూర్చుని మాట్లాడాలని డోసు మీద డోసు కొట్టరు. కళ్లు తెరిచాక మొదటి మాటగా నీ పేరు, ఏం జరిగిందో మెల్లగా చెప్పాలి. "ఊపిరి ఆగింది, నాలోక్సోన్ ఇచ్చాను, ఒళ్లు బాగోలేనట్టు ఉంటుంది, కాసేపట్లో తగ్గుతుంది, దాన్ని తగ్గించుకోవడానికి ఇప్పుడు మళ్లీ వేసుకోకు." ఈ చివరి ముక్కే ముఖ్యం. ఆ బాధ పోగొట్టుకుందామని వెంటనే ఇంకో డోసు తీసుకుంటే, నాలోక్సోన్ దిగిపోయాక రెండు డోసులూ కలిసి మీదపడతాయి.

కృతజ్ఞత సంగతి వదిలేయండి. చుట్టూ జనం మూగి, ఫోన్లు తీసి వీడియోలు తీస్తుంటే మీరైనా తిట్టేవారు.

మీరు చేసేది సేవ కాదు, తాగుబోతుకి గ్లాసు అందించడం. సూదులిస్తారు, విరుగుడు ఇస్తారు, ఇక వాళ్లకి భయమెందుకు? కష్టపడి పన్నులు కట్టేవాడి డబ్బుతో ఈ తమాషా ఏమిటి? – కోపంగా రాసిన పెద్దాయన

అయ్యా, మర్యాదగానే జవాబు చెబుతాను. భయం ఉంటే మానేస్తారన్నది మీ లెక్క. భయం పెట్టే విషయంలో ప్రపంచం ఏ లోటూ చేయలేదు, జైళ్లు, కేసులు, కుటుంబం వెలివేయడం, అన్నీ ఉన్నాయి. ఆ భయం వల్ల జనం మానేయలేదు, తలుపేసుకుని ఒంటరిగా వాడటం మొదలుపెట్టారు. ఓవర్‌డోస్‌లో చనిపోయేవాళ్లలో చాలామంది చనిపోయేది అందుకే, పక్కన చూసేవాడు లేక. పక్కనున్నవాడు కూడా పోలీసులొస్తారని ఫోన్ చేయకుండా పారిపోతాడు. ఈ ఒక్క కారణంతోనే అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం 2007లో, ఓవర్‌డోస్ అయినప్పుడు సాయం కోసం ఫోన్ చేసినవాళ్ల మీద మత్తుమందు దగ్గరుంచుకున్నారన్న కేసు పెట్టకుండా చట్టం తెచ్చింది, తర్వాత మిగతా రాష్ట్రాలు చాలావరకు అదే బాట పట్టాయి.

ఇక ఫలితాలు. కెనడాలోని వాంకూవర్‌లో 2003లో ఇన్‌సైట్ అని ఒక కేంద్రం తెరిచారు, వాడేవాళ్లు తమ మందు తెచ్చుకుని నర్సుల కళ్ల ముందే వాడతారు. నాలాంటిదానికే మొదట విన్నప్పుడు మింగుడుపడలేదు, మీకు పడకపోవడంలో వింత లేదు. అది తెరిచాక ఆ చుట్టుపక్కల అర కిలోమీటరు లోపల ఓవర్‌డోస్ చావులు 35 శాతం తగ్గాయి, నగరంలో మిగతా చోట్ల తగ్గింది 9 శాతం చిల్లర. ఈ లెక్క 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మసాచుసెట్స్‌లో నాలోక్సోన్ వాడటం నేర్పి చేతికిచ్చిన ఊళ్లలో, అలా చేయని ఊళ్లతో పోలిస్తే ఓవర్‌డోస్ మరణాల రేటు 27 నుంచి 46 శాతం తక్కువగా ఉందని 2013లో తేలింది, ఎక్కువ మందికి నేర్పిన చోట ఎక్కువ తగ్గింది.

సూదుల సంగతి వేరే. వాడిన సూదులకి బదులు కొత్తవి ఇవ్వడం మొదలైంది వాడేవాళ్ల సంఘం వల్లే, 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, హెపటైటిస్ బి కోసం. ఒకరి సూది ఒకరు వాడితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి ఇంటిదాకా వస్తాయి, భార్యకి, పుట్టబోయే బిడ్డకి కూడా. ల్యాబ్‌లో పరీక్షిస్తే, సిరంజిలో మిగిలిన కాస్త రక్తంలో హెపటైటిస్ సి వైరస్ 63 రోజుల దాకా బతికుంది. ఒక్క కొత్త సూది ఖర్చు ఎంత, ఒక హెచ్‌ఐవీ రోగికి జీవితాంతం ఇచ్చే మందుల ఖర్చు ఎంత? పన్ను డబ్బు గురించి మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను.

మానేయమని మేమూ చెబుతాం, అడిగినవాళ్లకి చికిత్సకి దారి చూపిస్తాం. కానీ చచ్చిపోయినవాడు మానేయలేడు కదండీ.

కొత్తగా అవుట్‌రీచ్ వలంటీర్‌గా చేరాను. నన్ను చూడగానే అందరూ లేచి వెళ్లిపోతున్నారు. నాలోక్సోన్ కిట్లు అలాగే మిగిలిపోతున్నాయి. ఏం తప్పు చేస్తున్నానక్కా?

చెల్లీ, చేతిలో నోట్‌బుక్కో ట్యాబో ఉందా? ఉంటే సంచిలో పెట్టెయ్. పేరు, వయసు, ఊరు అడిగేవాళ్లని వాళ్లు జీవితంలో చాలామందిని చూశారు, అందులో ఒక్కరి వల్లా మేలు జరగలేదు. లెక్కలు ఆఫీసుకి కావాలి, నిజమే, అవి తిరిగొచ్చాక గుర్తున్నంత రాసుకో.

నిలబడి మాట్లాడకు. వాళ్లు కింద కూర్చునుంటే నువ్వూ కూర్చో. మొదటి రోజే మందుల గురించి ఎత్తకు. మంచినీళ్లు, శుభ్రమైన సాక్సులు, గాయానికి కట్టు, వీటితో మొదలవుతుంది పరిచయం. సూది పొడిచిన చోట చీము పట్టి, ఆస్పత్రికి పోతే అక్కడి స్టాఫ్ చీదరించుకుంటారని నెలల తరబడి దాచుకునేవాళ్లుంటారు. ఆ చేతిని మొహం చిట్లించకుండా చూసి, గోరువెచ్చటి నీళ్లతో కడిగి కట్టు కడితే, తర్వాత నువ్వు చెప్పేది వింటారు. మంగళవారం సాయంత్రం వస్తానంటే మంగళవారం సాయంత్రమే వెళ్లు, వానొచ్చినా సరే. వాళ్ల జీవితంలో మాట మీద నిలబడేవాళ్లు తక్కువ.

చెప్పాల్సినవి కూడా లెక్చర్‌లా కాకుండా ఒక్కోసారి ఒక్కొక్కటే చెప్పు. ఒంటరిగా వాడొద్దు. ఇద్దరుంటే ఒకేసారి వద్దు, ఒకరి తర్వాత ఒకరు. గడియ పెట్టుకోవద్దు. మందు మారినా, అమ్మేవాడు మారినా, మధ్యలో గ్యాప్ వచ్చినా, ముందు చాలా కొంచెం తీసుకుని ఆగి చూడమను. ఆల్కహాల్‌తో, ఆల్ప్రజోలాం లాంటి నిద్రమాత్రలతో కలిపితే ఒక్కొక్కటి విడిగా తట్టుకునే మనిషి కూడా పోతాడు, మూడూ ఊపిరినే నొక్కుతాయి. సూదితో పాటు స్పూను, దూది, నీళ్లు కూడా పంచుకోకూడదని చెప్పు, సూది ఒక్కటీ మారిస్తే సరిపోతుందనుకుంటారు. వాడిన సూదికి మూత మళ్లీ పెట్టబోయి గుచ్చుకోవద్దు, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయమను.

ఒకడొచ్చి పది కిట్లు అడిగితే ఇచ్చెయ్. అమ్ముకుంటాడేమో అని మన పెద్దవాళ్లు అనుమానిస్తారు. వాడు వాటిని నువ్వెప్పటికీ చేరలేని గదుల్లోకి తీసుకెళ్తాడు. 1996లో షికాగో రికవరీ అలయెన్స్ వాళ్లు నాలోక్సోన్‌ని నేరుగా వాడేవాళ్ల చేతికే ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు పిచ్చితనం అన్నవాళ్లున్నారు. అప్పటి నుంచి 2014 మధ్య దాకా అమెరికాలో ఇలాంటి సంస్థలు లక్షన్నర మందికి పైగా సామాన్యులకి కిట్లు ఇచ్చాయి, 26 వేలకు పైగా ఓవర్‌డోస్‌లు వాటితో వెనక్కి మళ్లినట్టు కబురొచ్చింది. అలా కాపాడినవాళ్లలో పదింట ఎనిమిది మందికి పైగా స్వయంగా మత్తుమందులు వాడేవాళ్లే. డాక్టర్లూ కాదు, మనమూ కాదు. కుదిరితే వాళ్లలో ఒకరిని నీతో పాటు పనిలో పెట్టమని మీ సంస్థని అడుగు, జీతం ఇచ్చి. ఊరికే తిప్పుకోవద్దు.

నాన్నగారికి క్యాన్సర్ నొప్పికి ఫెంటనిల్ ప్యాచ్ వేస్తున్నారు. మీ వ్యాసం చదివాక టెన్షన్ పట్టుకుంది, తీసేయమంటారా?

అయ్యో, వద్దండీ. డాక్టరు లెక్కకట్టి ఇచ్చిన డోసు, నొప్పి తగ్గించడానికి ఇచ్చింది, భయపడి ఆపేస్తే ఆయన నరకం చూస్తారు, పైగా ఒక్కసారిగా ఆపితే విత్‌డ్రాయల్స్ (ఇందాక చెప్పిన నొప్పులు, వణుకు, వాంతులు) వస్తాయి. జాగ్రత్తలు మాత్రం తీసుకోండి. ప్యాచ్ ఉన్నచోట వేడినీళ్ల సంచి పెట్టకండి, హీటింగ్ ప్యాడ్ వద్దు, ఎక్కువ జ్వరం వస్తే వెంటనే డాక్టరుకి చెప్పండి, వేడికి మందు ఒంట్లోకి త్వరగా ఎక్కుతుంది. నిద్ర పట్టడం లేదని మీరే వేరే మాత్ర కలపకండి. ఓపియాయిడ్‌తో పాటు ఆల్ప్రజోలాం రకం నిద్రమాత్రలు కలిపితే ప్రమాదమని 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ రెండు రకాల మందుల మీదా తన అతి గట్టి హెచ్చరిక వేయించింది.

వాడి తీసేసిన ప్యాచ్‌లో కూడా పసిపిల్ల ప్రాణం తీసేంత మందు మిగిలి ఉంటుంది. జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి, మందుతో పాటు వచ్చిన కాగితంలో చెప్పిన పద్ధతిలోనే పారేయండి, మామూలు చెత్తబుట్టలో పైపైన పడేయకండి. ఇంట్లో నాలోక్సోన్ ఉంచుకోవాలా అన్నది ఆయన డాక్టర్నే అడగండి, చివరి దశ నొప్పి వైద్యంలో ఆ లెక్క వేరుగా ఉంటుంది.

ఫెంటనిల్ టెస్ట్ స్ట్రిప్‌లో ఒక్క గీతే వస్తే సేఫ్ అనే కదా? – నర్సింగ్ విద్యార్థిని

సరిగ్గా తిరగేశారు. మనందరికీ అలవాటైన ప్రెగ్నెన్సీ టెస్ట్‌కి ఇది ఉల్టా. ఒక్క గీత వస్తే ఫెంటనిల్ ఉన్నట్టు, రెండు గీతలొస్తే కనబడలేదని. రెండో గీత ఎంత పల్చగా ఉన్నా అది గీతే. మందుని నీళ్లలో కలిపి, స్ట్రిప్‌ని దాని మీద ముందే గుర్తు పెట్టి ఉన్న చోటి దాకా మాత్రమే ముంచి, ప్యాకెట్ మీద రాసినంత సేపు ఆగి చూడాలి.

స్ట్రిప్ ఎంత ఉందో చెప్పదు, ఉందో లేదో అంతే. పొడిలో ఫెంటనిల్ అంతటా సమానంగా కలిసి ఉండదు, ఒక మూల తీసి పరీక్షిస్తే లేదని వచ్చి, ఇంకో మూలలో ఉండొచ్చు. ఫెంటనిల్ హెరాయిన్ కన్నా దాదాపు 50 రెట్లు, మార్ఫిన్ కన్నా 100 రెట్లు ఘాటు కాబట్టి ఆ మూల చాలు. నైటజీన్ల వంటి వేరే ఓపియాయిడ్లనీ, పశువులకి వాడే జైలజీన్‌నీ ఈ స్ట్రిప్ పట్టుకోదు, వాటికి వేరే స్ట్రిప్‌లున్నాయి. జైలజీన్ ఓపియాయిడ్ కాదు, దాని మత్తుని నాలోక్సోన్ దించలేదు, మనిషి లేవకపోవచ్చు. అయినా ఇవ్వాలి, ఎందుకంటే దాంతో పాటు దాదాపు ఎప్పుడూ ఓపియాయిడ్ కూడా ఉంటుంది. ఊపిరి ఆడుతోందంటే చాలు, లేవలేదని కంగారుపడి స్ప్రేలన్నీ ఖాళీ చేయనక్కర్లేదు.

కొకైన్, మెథ్ (మెథాంఫెటమిన్) ఎక్కువైనా నాలోక్సోన్ పనిచేస్తుందా?

పనిచేయదు. వాటితో వచ్చేది వేరు: గుండె దడ, ఛాతీలో నొప్పి, ఒళ్లు కాలిపోవడం, ఫిట్స్, పిచ్చెక్కినట్టు మాట్లాడటం. చల్లటి చోటికి తీసుకెళ్లి, తడిగుడ్డ పెట్టి, గోల లేకుండా చూసి, అంబులెన్స్ పిలవాలి. కానీ మనిషి స్పృహ లేక ఊపిరి తగ్గుతుంటే, ఏం తీసుకున్నాడో తెలియకపోతే, నాలోక్సోన్ ఇచ్చెయ్యండి. అందులో ఫెంటనిల్ కలిసి ఉండొచ్చు. ఓపియాయిడ్ లేని ఒంటికి నాలోక్సోన్ ఏమీ చేయదు.

ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. రోజూ పలకరించే మనిషి పోయాడని తెలిసిన మర్నాడే మళ్లీ అదే సందులోకి కిట్లు పట్టుకుని వెళ్లాలి. ఇంట్లో చెబితే "వాడు తెలిసే చేసుకున్నాడు కదా" అంటారు.

ఆ మాట ఇంట్లో విని ఇంకెక్కడా నోరు విప్పని వర్కర్లు ఎంతమందో. క్యాన్సర్ వార్డు నర్సుకి దొరికే ఓదార్పు మనకి దొరకదు, మనం ఏడ్చే మనిషి కోసం ఏడవడం తప్పన్నట్టు చూస్తారు.

మీ సంస్థని మొహమాటం లేకుండా అడగండి. చావు కబురు వచ్చిన రోజు ఆ ఏరియాకి ఇంకొకరిని పంపమని, జీతం కోయని సెలవు ఇవ్వమని, టీమంతా కలిసి ఆ మనిషి గురించి మాట్లాడుకునే గంట ఒకటి పెట్టమని. ఇది దయ కాదు, పనికి సంబంధించిన ఏర్పాటు, గ్లవ్స్ ఇచ్చినట్టే ఇవ్వాలి. ఆగస్టు 31న అంతర్జాతీయ ఓవర్‌డోస్ అవగాహన దినం జరుపుతారు, 2001లో మెల్‌బోర్న్‌లో మొదలైంది. పోయినవాళ్ల పేర్లు పైకి చదివే వీలు ఆ రోజు దొరుకుతుంది, ఆ కుటుంబాలు కూడా వస్తాయి. మొదట్లో రావడానికి సిగ్గుపడతారు, రమ్మని పిలిచే మనిషి ఉంటే వస్తారు.

నిద్ర పట్టకపోవడం, ఫోన్ మోగితే గుండె ఝల్లుమనడం, మనుషుల మీద విసుగు, వారాల తరబడి ఉంటే కౌన్సిలర్ దగ్గరికి వెళ్లండి. కొన్నాళ్లు వీధి పని మానేసి ఆఫీసులో ట్రైనింగులు చూసుకున్నా ఎవరూ మిమ్మల్ని పిరికివాళ్లనరు. అన్నా పట్టించుకోకండి.

ఓవర్‌డోస్ అయినవాణ్ని ముట్టుకుంటే చర్మం గుండా ఫెంటనిల్ మనకీ ఎక్కుతుందని వీడియోల్లో చూశాను.

ఆ వీడియోల వల్ల సాయం చేయాల్సినవాళ్లు దూరంగా నిలబడిపోతున్నారు, అదొక పెద్ద నష్టం. పొడి చేతికి అంటినంత మాత్రాన, పక్కన నిలబడినంత మాత్రాన ఓవర్‌డోస్ కాదని అమెరికాలో విషవైద్య నిపుణుల సంఘాలు 2017లోనే తేల్చి చెప్పాయి. మామూలు గ్లవ్స్ చాలు, అవీ లేకపోతే తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. శానిటైజర్ వద్దు, నీళ్లూ సబ్బే.

ఎక్స్‌పైరీ డేట్ దాటిన నాలోక్సోన్ పారేయాలా?

కొత్తది చేతికొచ్చే దాకా పారేయకండి. డేటు దాటినా ఎంతో కొంత పనిచేసే అవకాశం ఉంది, ఏమీ లేనప్పుడు అదే ఇవ్వండి. ఎండలో నిలబెట్టిన కారులో వదిలేయకండి, ఫ్రీజర్‌లో పెట్టకండి. కొత్త కిట్ తీసుకున్న రోజే డేటు చూసి, ఆ నెల ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.